ముందు చక్రం ఊగితే నట్టు బిగించడమేనా? ట్రాక్టర్ ముందు యాక్సిల్ మరమ్మతుపై అపోహలు – వాస్తవాలు

ఉభాలు ముగిసి దమ్ము చక్రాలు విప్పే రోజుల్లో రాజాం, చీపురుపల్లి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మా షెడ్డుకు వచ్చే ట్రాక్టర్లలో చాలావాటిది ఒకటే జబ్బు. ముందు చక్రం ఊగుతోందని, స్టీరింగ్ చేతిలో నిలవడం లేదని రైతు చెబుతాడు. చక్రం నడిమి హబ్ మూత తీసి చూస్తే నట్టును అప్పటికే ఎవరో బలమంతా పెట్టి బిగించి ఉంటారు. ముందు యాక్సిల్ పని ఇంటి దగ్గర చేసుకోకూడదని నేను అనను. వెనక చక్రాలకే ఇంజిన్ శక్తి అందే టూ వీల్ డ్రైవ్ బండికి బేరింగులు, సీళ్ళు, రెండు ముందు చక్రాలనూ కలిపే టై రాడ్ చివరి కీళ్ళు (టై రాడ్ ఎండ్లు) మార్చుకోవడం ఓపిక ఉన్న రైతుకు చేతనైన పనే. ఆ పనిని చెడగొడుతున్నది పనిముట్ల కొరత కన్నా ఊళ్ళో ఒకరి నుంచి ఒకరికి పాకే మాటలే కనుక వాటి గురించి రాస్తున్నాను.

అపోహ: ముందు చక్రం ఊగితే హబ్ నట్టు గట్టిగా బిగిస్తే చాలు.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ డబ్బు ఖర్చు పెట్టించే మాట ఇదే. ముందు చక్రంలో ఆట, అంటే ఉండకూడని వదులు, ముఖ్యంగా నాలుగు చోట్ల పుడుతుంది: హబ్‌లోని టేపర్ బేరింగుల్లో, చక్రం కుడి ఎడమలకు మళ్ళే నిలువు కడ్డీ అయిన కింగ్ పిన్ చుట్టూ ఉండే బుష్‌లలో (అరుగుదల తీసుకునే గొట్టాల్లో), టై రాడ్ ఎండ్లలో, యాక్సిల్ నడిమి సెంటర్ పిన్ బుష్‌లో. హబ్ నట్టు వీటిలో మొదటిదాన్ని మాత్రమే సరిచేయగలదు, అదీ బేరింగు ఇంకా బాగుంటేనే. అరుగుదల మిగిలిన మూడింటిలో ఉంటే నట్టు ఎంత బిగించినా ఊపు పోదు, పోలేదని ఇంకో పట్టు బిగిస్తారు. టేపర్ బేరింగులో రోలర్లు తిరగడానికి వెంట్రుకవాసి సందు ఉండాలి. ఆ సందు లేకుండా బిగిస్తే రోలర్లు లోపలి, బయటి ఉక్కు వలయాల (రేసుల) మధ్య నలిగి వేడెక్కుతాయి, గ్రీజు పలచబడి సీలు దాటి కారిపోతుంది, పొడిబారిన బేరింగు నీలి రంగుకు తిరిగి చివరకు రోలర్లను పట్టి ఉంచే కేజ్ విరుగుతుంది.

సంకిలి వైపు చెరకు తోలే ఒక పెద్దాయన సీజను మధ్యలో ఫోన్ చేసి, "నిన్ననే బిగించాను బాబూ, మళ్ళీ ఊగుతోందేటి?" అని అడిగారు. లోడు వేయకుండా బండి తీసుకురమ్మని చెప్పాను. కానీ చెరకు నరికేసి ఉంది, తోలవలసిన రోజు దాటితే గడ ఎండి తూకం తగ్గిపోతుంది, ఆయన ఆగలేకపోయారు. ఆ తొందరను నేను తప్పుపట్టలేను. దారిలో హబ్ దగ్గర మాడు వాసన వచ్చింది, కొంతదూరం పోయాక చక్రం బిగుసుకుపోయింది. లోపలి రేసు, హబ్ తిరిగే ఇరుసు అయిన స్టబ్ యాక్సిల్‌కు అతుక్కుపోవడంతో దాన్ని గ్రైండర్‌తో కోసి తీయవలసి వచ్చింది. స్టబ్ యాక్సిల్ మీద బేరింగు కూర్చునే చోట గాడి పడింది, హబ్ కూడా పనికిరాకుండా పోయింది. అంతా విప్పి కడిగాక చూస్తే మొదట ఊపు పుట్టింది కింగ్ పిన్ బుష్‌లో. బుష్‌ల ఖర్చుతో పోయే పని స్టబ్ యాక్సిల్, హబ్, రెండు బేరింగులు కొత్తవి కొనేదాకా వచ్చింది.

అందువల్ల పానా చేత పట్టేముందు ఆట ఎక్కడ ఉందో తేల్చుకోవాలి. చక్రాన్ని నేల నుంచి లేపి, టైరును పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని లోపలికీ బయటికీ ఊపాలి. అదే సమయంలో ఇంకొకరు చక్రం వెనక కూర్చుని, హబ్‌కూ స్టబ్ యాక్సిల్‌కూ మధ్య ఉన్న సందును టార్చి వేసి చూడాలి. హబ్ మాత్రమే కదిలి స్టబ్ యాక్సిల్ నిలకడగా ఉంటే లోపం బేరింగుది. హబ్‌తో పాటు స్టబ్ యాక్సిల్ కూడా కదులుతూ, దాని నిలువు కడ్డీ యాక్సిల్ గొట్టంలో ఆడుతుంటే లోపం కింగ్ పిన్ బుష్‌ది. తరువాత టైరును ముందూ వెనకా పట్టుకుని కుడి ఎడమలకు ఊపితే టై రాడ్ ఎండ్లలోని ఆట, స్టీరింగ్ ఆర్మ్ బోల్టు వదులు బయటపడతాయి. చక్రం దించి, యాక్సిల్‌కూ ముందు సపోర్టుకూ మధ్య గడ్డపార పెట్టి ఎత్తితే సెంటర్ పిన్ సంగతి తేలుతుంది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, అయినా దీన్ని చేసి వచ్చేవాళ్ళు అరుదు.

లోపం బేరింగుదే అని తేలితే నట్టు సరిచేసే పద్ధతి ఒకటుంది. నట్టు తిరగకుండా ఆపే స్ప్లిట్ పిన్ తీసి, బేరింగులను డీజిల్‌తో కడిగి ఆరనిచ్చి, రోలర్లనూ రేసులనూ వెలుతురులో చూడాలి. రేసు మీద గోరు పెట్టి గీస్తే గుంట తగిలినా, నీలి రంగు కనిపించినా ఆ బేరింగు పని అయిపోయింది. అప్పుడు లోపలి ముక్కనూ హబ్‌లోని బయటి రేసునూ కలిపి మార్చాలి, ఒకదాన్ని మార్చి ఒకదాన్ని ఉంచితే కొత్తది కూడా త్వరగా పోతుంది. బాగుంటే రోలర్ల మధ్యకు చేత్తో కొత్త గ్రీజు దట్టించి బిగించాలి. చక్రాన్ని చేత్తో తిప్పుతూ, కాస్త బరువుగా తిరిగేదాకా నట్టును పానాతో బిగించి, ఆ తరువాత వదులు చేసి, మళ్ళీ చేతివేళ్ళతో మాత్రమే ఆనించాలి. నట్టు గాడికీ స్ప్లిట్ పిన్ రంధ్రానికీ పొందిక కుదరకపోతే నట్టును వెనక్కి తిప్పి కలపాలి తప్ప ఇంకాస్త బిగించి కలపకూడదు. మాన్యువల్‌లో మీ మోడల్‌కు వేరే కొలత ఇచ్చి ఉంటే అదే పాటించాలి. స్ప్లిట్ పిన్ ప్రతిసారీ కొత్తది వేయాలి. తీగ ముక్క చుట్టి పంపిన హబ్‌లు కూడా నా దగ్గరికి వస్తుంటాయి, వాటిని చూస్తే నాకు చెప్పలేనంత కోపం వస్తుంది. బండిని కొన్ని కిలోమీటర్లు తోలి హబ్ మీద చెయ్యి పెట్టి చూడాలి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చెయ్యి నిలవనంత వేడి ఉంటే నట్టు బిగువు ఎక్కువైనట్టే.

అపోహ: జాకీ మీద లేపితే చాలు, చక్రం విప్పేయవచ్చు.

వాస్తవం: ముందు యాక్సిల్ సెంటర్ పిన్ మీద తక్కెడ కాడలా ఊగేటట్టు అమర్చినది. ఎగుడుదిగుడు పొలంలో నాలుగు చక్రాలూ నేలను పట్టుకోవాలంటే అది ఊగాలి. ఇంజిన్ ముందు భాగం కింద జాకీ పెట్టి లేపినప్పుడు కూడా అది అలాగే ఊగుతుంది, ఒక చక్రం విప్పగానే రెండో వైపు బరువుకు ఒక్కసారిగా ఒరుగుతుంది. బండిని గట్టి చదును నేల మీద నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచి, వెనక చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టాలి. యాక్సిల్‌కూ సపోర్టుకూ మధ్య రెండు వైపులా యాక్సిల్ ఊగకుండా చెక్క వెడ్జీలు బిగించాలి. లేపిన తరువాత బరువును దుంగల మీదికి దించాలి. ఒక్క జాకీని నమ్మి కిందికి దూరకూడదు. వాన పడిన కళ్ళంలో జాకీ కాలు దిగబడటానికి ఎంతోసేపు పట్టదు. సెంటర్ పిన్ తీసే పనైతే బండి ముందు బరువంతా దుంగల మీదే ఉంటుంది కనుక దాన్ని ఒంటరిగా ఎవరూ చేయవద్దు.

అపోహ: యాక్సిల్ మధ్యలో ఊగడమే జబ్బు, అక్కడ వెల్డింగ్ పెట్టిస్తే పోతుంది.

వాస్తవం: కొత్తగా బండి కొన్నవాళ్ళు యాక్సిల్ ఊగడం చూసి హడలిపోయి వస్తారు. వాళ్ళు భయపడవలసింది ఏమీ లేదు. పైకీ కిందికీ ఊగడం దాని పని, పిన్ తన రంధ్రంలో వదులై ముందుకూ వెనక్కూ కొట్టుకోవడం మాత్రమే జబ్బు. వెల్డింగ్‌తో యాక్సిల్‌ను కదలకుండా చేస్తే గట్టు దాటినప్పుడల్లా ఆ దెబ్బ ముందు సపోర్టు మీద పడుతుంది. అది చాలా బండ్లలో పోత ఇనుము, పగిలితే నిలిచే వెల్డింగ్ దొరకడం కష్టం. అరిగిన బుష్ మార్చి, పిన్ కూడా అరిగి ఉంటే దాన్నీ మార్చడమే దీనికి మందు.

అపోహ: దమ్ములో గ్రీజు కొడితే బురద పట్టుకుంటుంది కనుక పని అంతా అయ్యాక కొట్టాలి, లేదా పాత ఇంజిన్ ఆయిల్ పోస్తే సరిపోతుంది.

వాస్తవం: ఎవరు పుట్టించారో తెలియదు గానీ ఈ మాట ఏటా కొత్తగా వినిపిస్తుంది. బురదనీరు కింగ్ పిన్‌లోకి దూరకుండా ఆపేది గ్రీజే. దమ్ము చేసిన ప్రతి సాయంత్రం చక్రాలు కడిగి, గ్రీజు ఎక్కించే నిప్పల్ తుడిచి, లోపలి నల్లటి గ్రీజు పోయి శుభ్రమైనది అంచున కనిపించేదాకా గ్రీజు గన్ కొట్టాలి. నిప్పల్ మూసుకుపోతే మార్చండి, ఆ ఖర్చు లెక్కలోకి రాదు. వాడిన ఇంజిన్ ఆయిల్ నిలవదు, అందులోని మసి, లోహపు పొడి బుష్‌ను ఇంకా తింటాయి. నాగావళి, వంశధార రేవుల్లో ఇసుక తోలే బండ్లకు కూడా ఇదే వర్తిస్తుంది, పైగా వాటికి హబ్ సీలును మరింత తరచుగా చూసుకోవాలి.

అపోహ: బుష్ సుత్తితో కొట్టి దింపితే పని పూర్తయినట్టే.

వాస్తవం: బుష్‌కు ఉన్న గ్రీజు రంధ్రం, గొట్టానికి ఉన్న నిప్పల్ రంధ్రం ఎదురెదురుగా రావాలి. రాకపోతే గన్ ఎంత కొట్టినా గ్రీజు లోపలికి పోదు, కొత్త బుష్ ఒక్క పంటకే అరిగిపోతుంది. దింపిన బుష్ లోపల పిన్ బిగువుగా ఉంటే ఆకురాయితో గీకకుండా లేత్ షాపుకు తీసుకెళ్ళి రంధ్రాన్ని కొలతకు సాఫు చేసే రీమర్ పట్టించాలి.

టో ఇన్, అంటే ముందు చక్రాలు ముందు వైపు కాస్త దగ్గరగా ఉండటం, గురించి ఒక మాట. టై రాడ్ ఎండ్ మార్చినప్పుడూ, ముందు చక్రాల మధ్య వెడల్పు మార్చినప్పుడూ అది చెడుతుంది. హబ్ ఎత్తులో రెండు టైర్ల మధ్య దూరాన్ని ముందు వైపూ వెనక వైపూ టేపుతో కొలిచి, మాన్యువల్‌లో చెప్పినన్ని మిల్లీమీటర్లు ముందు వైపు తక్కువ ఉండేటట్టు టై రాడ్ తిప్పుకోవాలి. టైరు ఒక అంచున రంపంలా అరుగుతుంటే టైరు కంపెనీని తిట్టేముందు ఈ కొలత తీసుకోండి.

ఇంత వరకూ చెప్పినది టూ వీల్ డ్రైవ్ బండ్ల గురించి. ఫోర్ వీల్ డ్రైవ్ ముందు యాక్సిల్‌లో డిఫరెన్షియల్, దాని గేర్ల సందును సరిచేసే షిమ్ములు ఉంటాయి కనుక ఇంటి దగ్గర నూనె మట్టం చూడటం, నూనె మార్చడం, బయటి బోల్టులు బిగించడం వరకే ఆగాలి. తారు రోడ్డు మీద ఫోర్ వీల్ తీసేసి తోలాలి, ముందు టైర్లు కంపెనీ చెప్పిన సైజువే వేయాలి. దించిన నూనెలో ఇనుప రేకులు కనిపించినా, నూనె పాలలా తెల్లబడినా బండిని మళ్ళీ పొలంలోకి దింపకుండా ఆ యాక్సిల్ విప్పడం తెలిసిన షెడ్డుకు పంపండి.