ట్రాక్టర్‌కు కంపెనీ కూలెంట్ దొరక్కపోతే ఏది పోయాలి? కొన్ని అపోహలు – వాస్తవాలు

మిర్యాలగూడ దగ్గర నాకు చిన్న ట్రాక్టర్ షెడ్డు ఉంది. దమ్ము సీజన్‌లో కేజీవీల్స్ బురద కూడా కడగకుండా బండ్లు తీసుకొస్తారు. "హీటెక్కుతోందన్నా" అంటారు. ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్‌గా రేడియేటర్‌లో ఏం పోశావని అడిగితే వచ్చే జవాబులు రెండే. "బోరు నీళ్లు పోసిన", లేదా "కంపెనీది దొరకలేదు, అదే రంగుది ఇంకోటి పోసిన". కంపెనీ డబ్బా దొరకకపోవడం తప్పేం కాదు, దాని బదులు వేరేది పోయవచ్చు. ఆ వేరేది ఎలా ఎంచుకోవాలన్న దగ్గరే ఇంజిన్లు పోతున్నాయి.

అపోహ: కూలెంట్ చలి దేశాల వాళ్లకు. మన ఎండలకు నీళ్లు చాలు.

ఈ మాట బావుల దగ్గర పాత ఆయిల్ ఇంజిన్లు నడిపిన రోజుల నుంచి వచ్చిందని నేననుకుంటాను. వాటిలో పంపు తోడిన నీళ్లే కొంచెం ఇంజిన్ గుండా పోయి బయటికి పడిపోయేవి. ట్రాక్టర్‌లో అలా కాదు, అవే నీళ్లు నెలల తరబడి తిరుగుతుంటాయి. లోపల పోత ఇనుము, అల్యూమినియం, ఇత్తడి అన్నీ ఉంటాయి. ఉత్త నీళ్లకు అవి తుప్పు పడతాయి.

కూలెంట్‌లో ముఖ్యంగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్, నీళ్లు సగం సగం కలిపితే ఆ ద్రవం మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. ఆ గుణం మనకు అక్కర్లేదు. మనకు కావలసినవి వేరే రెండు. ఒకటి, అది మరగడానికి 107 డిగ్రీల దాకా పడుతుంది, రేడియేటర్ మూత ప్రెషర్‌తో ఇంకా పెరుగుతుంది. రెండోది, అందులో కలిపిన తుప్పు నిరోధకాలు.

అపోహ: రంగు కలిస్తే అదే కూలెంట్.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. రంగు అంటే కేవలం డై. ఆకుపచ్చ, ఎరుపు, నీలం, ఏ కంపెనీకి నచ్చిన రంగు ఆ కంపెనీ కలుపుతుంది. ఒకే రంగు డబ్బాల్లో పూర్తిగా వేరు వేరు మందులు ఉండొచ్చు. సిలికేట్ ఉండే పాత రకం, ఆర్గానిక్ యాసిడ్ రకం, రెండూ కలిసిన రకం, ఇలా. ఒకదానిలో ఇంకోటి పోస్తే వెంటనే ఏమీ కనిపించదు. కానీ తుప్పు ఆపే శక్తి తొందరగా తగ్గిపోతుంది. కొన్ని జతలైతే జిగురులా గడ్డకట్టి రేడియేటర్ గొట్టాలకు అడ్డం పడతాయి.

కాబట్టి డబ్బా వెనక్కి తిప్పి సన్న అక్షరాలు చదవండి. అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం నంబర్లలో డీ3306 అని మాత్రమే ఉంటే అది కార్లు, చిన్న బండ్ల కోసం చేసింది. డీ6210 అంటే బరువు పనులు చేసే డీజిల్ ఇంజిన్ల కోసం. డీ4985 కూడా డీజిల్‌దే, కాకపోతే పోసే ముందు విడిగా అడిటివ్ (రక్షణ మందు) కలపాలి. మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ ఇచ్చిన నంబరు ఐఎస్ 5759. మీ బండి మాన్యువల్ ఏ నంబరు అడుగుతుందో అదే డబ్బా మీద ఉండాలి. తుప్పు నిరోధకాల్లో ఒకటైన నైట్రైట్ లేనిదే వాడమని కొన్ని మాన్యువల్స్ ప్రత్యేకంగా చెబుతాయి, అదీ చూడండి. డబ్బా మీద ఏ నంబరూ లేకపోతే దాన్ని షాపులోనే వదిలేయండి.

అపోహ: కారు కూలెంట్ ఖరీదైనది, కాబట్టి ట్రాక్టర్‌కు ఇంకా మంచిది.

పోయిన వానాకాలంలో ఒక బండి ఇంజిన్ విప్పాను. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాల టీ రంగులో ఉంది, అంటే అందులో నీళ్లు కలిశాయి. నీళ్లు, ఆయిల్ కలవకుండా ఆపే హెడ్ గాస్కెట్ బాగానే ఉంది. లైనర్ (పిస్టన్ ఆడే గొట్టం) బయటికి లాగి తుడిచాక సంగతి తెలిసింది. నీళ్లు తగిలే వైపున, నిలువుగా ఒక వరసలో, సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు. గోరు పెట్టి లాగితే పట్టుకుంటున్నాయి. వాటిలో ఒకటి అవతలి దాకా పోయింది.

అది తుప్పు ఒక్కటే కాదు. చాలా ట్రాక్టర్లలో లైనర్ చుట్టూ నేరుగా కూలెంట్ ఉంటుంది. డీజిల్ మండిన ప్రతిసారీ పిస్టన్ ఒక పక్కకు కొట్టుకుని లైనర్ వణుకుతుంది. ఆ వణుకుకు దాని బయటి గోడ మీద ఆవిరి బుడగలు పుట్టి పగిలిపోతుంటాయి. పగిలిన ప్రతి బుడగా లోహాన్ని రవ్వంత కొరుకుతుంది. డీజిల్ కూలెంట్‌లో ఉండే అడిటివ్ ఆ గోడ మీద పలుచని పొరలా నిలిచి ఆ దెబ్బను లైనర్‌కు తగలకుండా తానే కాచుకుంటుంది. కార్ల కోసం చేసిన వాటిలో ఆ రక్షణ ఉండాలన్న నియమం లేదు.

అపోహ: తాగే నీళ్లైతే కలపడానికి పనికొస్తాయి.

ముందే నీళ్లు కలిపిన రెడీమిక్స్ డబ్బా కొంటే నీళ్ల ఊసే లేదు, అలాగే పోయాలి. చిక్కటిది కొంటే మాత్రం మీరు పోసేదాంట్లో సగం నీళ్లే. డీజిల్ ఇంజిన్లలో కలిపే నీటికి సాధారణంగా చెప్పే హద్దులు ఇవి: లీటరుకు క్లోరైడ్ 40 మిల్లీగ్రాముల లోపు, గట్టిదనం 170 లోపు, కరిగిన ఘనపదార్థాలు 340 లోపు. మనుషులు తాగే నీటికి ఐఎస్ 10500 క్లోరైడ్‌ను 250 దాకా, ఘనపదార్థాలను 500 దాకా ఒప్పుకుంటుంది. అంటే మీకు మంచి నీళ్లైనా ఇంజిన్‌కు కాకపోవచ్చు. ఇక మా నల్లగొండ బోరు నీళ్ల సంగతి గీజర్ కాయిల్ మీద పేరుకున్న తెల్లటి పొరను అడగండి. అదే పొర ఇంజిన్ లోపల పడితే వేడి బయటికి రాదు.

డిస్టిల్డ్ వాటర్ కలపండి. బ్యాటరీ షాపులో దొరుకుతుంది. సీసా మీద యాసిడ్ కాదని ఒకసారి చూసుకోండి.

అపోహ: నీళ్లు కలపకుండా చిక్కగా పోస్తే ఇంకా చల్లగా ఉంటుంది.

లేదు. వేడిని మోసేది ముఖ్యంగా నీళ్లే. ఉత్త గ్లైకాల్ నీటితో పోలిస్తే సుమారు 60 శాతమే వేడిని పట్టుకోగలదు.

అపోహ: థర్మోస్టాట్ వాల్వ్ తీసేస్తే హీటెక్కదు.

ఇంజిన్ వేడెక్కాకే కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వ్ ఇది. మా మెకానిక్‌లలోనే చాలామంది దీన్ని తీసేస్తారు. దయచేసి చేయించుకోకండి. ఇంజిన్ చల్లగా నడిచి డీజిల్ ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది. కొన్ని మోడళ్లలో కూలెంట్ రేడియేటర్ దాకా పోకుండా బైపాస్‌లోనే (పక్క దారిలోనే) తిరిగి ఇంకా హీటెక్కుతుంది. హీట్ అనగానే ముందు ఫ్యాన్ బెల్టు చూడండి, రేడియేటర్ జాలీ చూడండి. యాసంగి కోతల్లో హార్వెస్టర్ జాలీకి పట్టిన పొట్టును ఇంజిన్ వైపు నుంచి బయటికి గాలి కొట్టి తీయాలి. పొట్టు నిండిన జాలీకి ఎంత మంచి కూలెంటూ సాయం చేయలేదు.

పొలం మధ్యలో నీళ్లు తగ్గి ఏమీ దొరక్కపోతే మంచి నీళ్లే పోసి ఇల్లు చేరండి, తప్పులేదు. కానీ ఇంజిన్ చేత్తో ముట్టుకోగలిగేంత చల్లారాకే మూత తీయండి. వేడి మీద తీస్తే ముఖం కాలుతుంది, చల్లటి నీళ్లు గుమ్మరిస్తే హెడ్ పగులుతుంది. ఆ నీళ్లను వారంలోపు దింపేయండి.

దింపిన పాత కూలెంట్‌ను బకెట్‌లో వదిలేయకండి. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. కుక్క గానీ దూడ గానీ నాకితే కిడ్నీలు పోయి చచ్చిపోతుంది, పిల్లలకూ అంతే ప్రమాదం. మూత ఉన్న క్యాన్‌లో పోసి పైన పెట్టండి, కాలువలోకి వదలకండి.

రకం మార్చేటప్పుడు పాతది పూర్తిగా దింపి, డిస్టిల్డ్ వాటర్‌తో నీళ్లు తేటగా వచ్చే దాకా కడిగి, అప్పుడు కొత్తది పోయాలి. ఆ తర్వాత నేను రేడియేటర్ పక్కన ఒక తెల్ల టేపు అతికిస్తాను. దాని మీద పోసిన తేదీ, మీటర్ గంటలు, డబ్బా మీది నంబరు రాసి పెడతాను. కోతల మధ్య సూర్యాపేటలో బండి ఆగినా అక్కడి మెకానిక్ ఆ టేపు చూసి అదే నంబరుది పోస్తాడు.