ప్రాసెసర్ వేడెక్కుతోందా? అపోహలు - వాస్తవాలు

భీమవరంలో అసెంబుల్డ్ సిస్టమ్‌లు కట్టడం, రిపేరు చేయడం నా పని. ఏటా రోహిణి కార్తె ఎండలకి ‘సిస్టమ్ దానంతట అదే ఆగిపోతోంది’ అంటూ వచ్చేవాళ్లు పెరుగుతారు. చాలామంది అప్పటికే ప్రాసెసర్‌ను చల్లబరిచే కొత్త కూలర్‌కో, ఏకంగా కొత్త ప్రాసెసర్‌కో డబ్బు సర్దుకుని వస్తారు. ఎక్కువ సార్లు ఆ ఖర్చు అక్కర్లేదు.

అపోహ: 90 డిగ్రీలు చూపిస్తే ప్రాసెసర్ కాలిపోయినట్టే.

వాస్తవం: కాదు. ఇంటెల్ 12, 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటి పరిమితి 100 డిగ్రీలు. ఏఎమ్‌డీ వారి రైజెన్ 7000 సిరీస్‌లో చాలావాటి పరిమితి 95. అక్కడికి చేరగానే ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది, అయినా వేడి ఆగకపోతే సిస్టమ్ ఆఫ్ అవుతుంది. పైగా గది వేడి ఎంత పెరిగితే ప్రాసెసర్ వేడీ ఇంచుమించు అంతే పెరుగుతుంది. సంక్రాంతికి 24 డిగ్రీలున్న గది మే నెలలో 36కి చేరితే, ఆ 12 డిగ్రీలు కూలర్ తప్పు కాదు.

అపోహ: వేడెక్కితే కూలర్ మార్చాల్సిందే.

వాస్తవం: ముందు ఆ వేడి ఎలా పెరుగుతోందో చూడండి. వేడి ఎంతుందో చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్ తెరిచి, ప్రాసెసర్‌ను పరీక్షించే సినీబెంచ్ లాంటి బరువైన పని పెట్టండి. మామూలు ఐ3, ఐ5 కూడా కొన్ని సెకన్లలోనే 95 దాటిందంటే కూలర్ ప్రాసెసర్‌కు సరిగ్గా ఆనలేదనే నా మొదటి అనుమానం. (ఐ9, రైజెన్ 9 లాంటి పెద్దవాటికి, పవర్ లిమిట్ (ప్రాసెసర్ వాడే కరెంటుకు హద్దు) ఎత్తేసిన బోర్డులకు ఈ లెక్క వర్తించదు. అవి మామూలుగానే ఒక్కసారి ఎగబాకుతాయి.)

ఇంట్లో కట్టుకున్న సిస్టమ్‌లలో నేను ఎక్కువగా చూసేది ఇదే. ఇంటెల్‌తో వచ్చే కూలర్‌కు నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి. వాటిలో ఒక్కటి దిగకపోయినా ఆ మూల లేచి ఉంటుంది, పైనుంచి చూస్తే తెలియదు. బోర్డు వెనక వైపు చూసి నాలుగూ పూర్తిగా బయటికొచ్చాయో లేదో చూడాలి. బిగించేటప్పుడు ఎదురెదురు మూలలు జతగా నొక్కాలి. విడిగా కొన్న కూలర్ అయితే అడుగున ప్లాస్టిక్ పొర ఉండిపోయిందేమో కూడా చూడండి.

అదే వేడి పావుగంట, ఇరవై నిమిషాల మీద నెమ్మదిగా ఎక్కితే లోపల గాలి ఆడట్లేదని అర్థం. పక్క మూత తీసి మళ్లీ చూడండి. ఐదారు డిగ్రీలు దిగితే లోపం క్యాబినెట్‌ది, లేదా దాన్ని తలుపున్న కంప్యూటర్ టేబుల్లో దూర్చినవాళ్లది.

అపోహ: అయితే మూత తీసేసి టేబుల్ ఫ్యాన్ పెడితే సరిపోతుంది.

వాస్తవం: పరీక్షకు సరే, రోజూ వద్దు. రైస్ మిల్లుల దగ్గరి ఇళ్లలో ఊక ధూళి, మన తేమకు తడిసి, కూలర్ రెక్కల మధ్య అట్టకట్టేస్తుంది. బల్లులు దూరి బోర్డు షార్ట్ అయిన కేసులూ చూశాను.

అపోహ: ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే పేస్ట్ ఎంత ఎక్కువ పూస్తే అంత చల్లన.

వాస్తవం: మామూలు ప్రాసెసర్‌కు మధ్యలో బఠాణీ గింజంత చాలు. పాతది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పూర్తిగా తుడవకుండా కొత్తది పూయకండి. ఏఎమ్4 బోర్డు (రైజెన్ పాత తరాలది) అయితే కూలర్ తీసేముందు సిస్టమ్‌ను కాసేపు నడిపి, పేస్ట్ మెత్తబడ్డాక ఆఫ్ చేసి, ప్లగ్ తీసి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ లేపండి. ఒక్కసారిగా లాగితే ప్రాసెసర్ సాకెట్‌లోంచి ఊడివచ్చి పిన్నులు వంగుతాయి.

అపోహ: ఏసీ గదిలో పెడితే ప్రాసెసర్ మీద నీళ్లు పడతాయి.

వాస్తవం: ఫ్యాన్ కూలరైనా లిక్విడ్ కూలరైనా ప్రాసెసర్‌ను గదికంటే చల్లబరచలేదు, కాబట్టి నడుస్తున్న ప్రాసెసర్ మీద తేమ పట్టదు.

అపోహ: బ్లోయర్ కొడితే చాలు, శుభ్రమైపోతుంది.

వాస్తవం: కొట్టండి, కానీ ప్లగ్ తీసి, ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకుని కొట్టండి. గాలి ఊపుకి హద్దు మీరి తిరిగితే బేరింగు పాడవుతుంది. ఫ్యాన్ కింద కూలర్ రెక్కల్లో అట్టకట్టిన దుమ్ము గాలికి కదలకపోతే ఫ్యాన్ విప్పి బ్రష్‌తో తీయాల్సిందే.