కొత్త నర్సులకు ఉద్యోగాలు: మన ఒడిశా-ఆంధ్ర సరిహద్దులో అపోహలు, వాస్తవాలు

జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా), బీఎస్సీ నర్సింగ్ రిజల్ట్స్ వచ్చాయంటే చాలు, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. పిల్లలకన్నా వాళ్ల నాన్నలకే టెన్షన్ ఎక్కువ. బరంపురంలో వార్డు డ్యూటీ చేస్తూ కొత్తవాళ్లకు పని నేర్పుతుంటాను కాబట్టి నన్ను అడుగుతారు. ఎక్కువగా వినిపించే మాటలివి.

అపోహ: నర్సింగ్ చదివితే ఉద్యోగం ఖాయం.

వాస్తవం: నర్సుల అవసరం ఎప్పుడూ ఉంటుంది, పోస్టులే ఉండవు. రాబడి తగ్గితే ప్రైవేటు ఆసుపత్రి మొదట చేసే పని, మానేసినవాళ్ల స్థానంలో ఎవరినీ తీసుకోకపోవడం. ఇద్దరు చూసే వార్డు ఒక్కరి మీద పడుతుంది. కొత్తవాళ్లను తీసుకున్నా ఫ్రెషర్ అంటూ జీతం కోస్తారు. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల్లోపు ఆసుపత్రిలోనూ నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని చెప్పింది. అది సిఫారసే, చాలాచోట్ల అమలు కాలేదు. అయినా జీతం మాట్లాడుకునేటప్పుడు ఆ అంకె మనసులో ఉంచుకోండి.

అపోహ: మనం తెలుగువాళ్లం, ఒడిశా ప్రభుత్వం మనకు ఉద్యోగం ఇవ్వదు.

వాస్తవం: ఇంట్లో మీరు ఏ భాష మాట్లాడుకుంటారో ఎవరూ అడగరు. ఒడిశా ప్రభుత్వ నియామక సంస్థ ఓఎస్‌ఎస్‌ఎస్‌సీ ఇచ్చే నర్సింగ్ ఆఫీసర్ నోటిఫికేషన్లో ఏడో తరగతి స్థాయిలో ఒడియా పాసైనట్టు కాగితం అడుగుతారు. పర్లాకిమిడిలో ఇల్లు ఉండి, పక్కనే ఉందని పాతపట్నంలోనో, శ్రీకాకుళం హాస్టల్లోనో చదువుకున్న పిల్లలు ఇక్కడే ఆగిపోతారు. వార్డులో గడగడా ఒడియా మాట్లాడతారు, చేతిలో కాగితం మాత్రం ఉండదు. అలాంటివాళ్లకు ఆ స్థాయి ఒడియా పరీక్ష విడిగా ఉంది. నోటిఫికేషన్ పడ్డాక పరుగులు పెట్టడం కాకుండా, కోర్సులో ఉండగానే రాసేయండి.

విశాఖలోనో బెంగళూరులోనో చదివినవాళ్లకు ఇంకో పని ఉంది. అక్కడి నర్సింగ్ కౌన్సిల్ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకుని ఒడిశా కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. దీనికి నెలలు పట్టొచ్చు. ఇక ఆంధ్రాలో చూసుకుందామంటే, అక్కడ స్థానికత లెక్క బడి చదువును బట్టి ఉంటుంది. ఇక్కడి బళ్లలో చదివినవాళ్లు అక్కడ నాన్‌లోకల్. అటూ ఇటూ కాకుండా పోతున్నామని మనవాళ్లు బాధపడటంలో న్యాయం ఉంది, కానీ బాధపడితే కాగితం రాదు కదా.

అపోహ: చిన్న ఆసుపత్రిలో చాకిరీ ఎందుకు, ఇంట్లో కూర్చుని ఎయిమ్స్ నర్సు పోస్టుల పరీక్ష నార్‌సెట్‌కి చదువుకుంటే మేలు.

వాస్తవం: మూల వేతనమే 44,900 రూపాయలు కాబట్టి ఆశపడటంలో తప్పు లేదు. బీఎస్సీ వాళ్లు నేరుగా రాయొచ్చు. జీఎన్‌ఎం వాళ్లకైతే కోర్సు తర్వాత కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలి. పది పడకల నర్సింగ్ హోమ్‌లో మూడేళ్లు చేసినా అది లెక్కలోకి రాదు. చేరేముందే పడకలెన్నో అడగండి. మానేసేటప్పుడు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ మీద పడకల సంఖ్య, చేరిన తేదీ, వదిలిన తేదీ రాయించుకోండి.

బీఎస్సీ వాళ్లు కూడా ఖాళీగా ఉండొద్దనే నా మాట. కొత్తవాళ్లను నేను ఒకటే అడుగుతాను: 500 మిల్లీలీటర్ల సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కించాలి, డ్రిప్ సెట్టు మిల్లీలీటరుకు 20 చుక్కలది, నిమిషానికి ఎన్ని చుక్కలు? ఆర్నెల్లు ఇంట్లో ఉన్నవాళ్లు ఫోన్‌లో కాలిక్యులేటర్ వెతుకుతారు. నైట్ డ్యూటీలు చేసినవాళ్లు సుమారు 42 అని చెప్పేసి, చెయ్యి అప్పుడే చుక్కల వేగం మార్చే రోలర్ మీద పెడతారు. నర్సుల మీద పెద్ద అయిన మేట్రన్ చూసేది కూడా ఆ చేతినే.

అపోహ: మగపిల్లలకు నర్సింగ్ దండగ.

వాస్తవం: ఎయిమ్స్ తన నార్‌సెట్ నోటిఫికేషన్లలో 20 శాతం పోస్టులు మగవాళ్లకు పెట్టింది. ఎమర్జెన్సీ, డయాలసిస్, ఆపరేషన్ థియేటర్లలో బ్రదర్స్ (మగ నర్సులు) ఉంటే మాకూ ఊపిరి.

అపోహ: ఇక్కడ దొరక్కపోతే ఫారిన్ వెళ్లిపోవచ్చు.

వాస్తవం: బ్రిటన్‌లో ఇప్పుడు అక్కడ చదివినవాళ్లకే పోస్టులు చాలడం లేదు. 2025 ఆగస్టులో ఆ ప్రభుత్వం తమ కొత్త నర్సులకు ఉద్యోగ భరోసా పథకం ప్రకటించాల్సి వచ్చింది. జర్మనీ తలుపు తెరిచే ఉంది, అయితే నర్సుగా గుర్తింపు కావాలంటే సాధారణంగా బీ2 స్థాయి, అంటే ధారాళంగా మాట్లాడగలిగే జర్మన్ రావాలి. గల్ఫ్‌లో చాలా ఆసుపత్రులు ఫ్రెషర్లను తీసుకోవు. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగ్గ సర్వీసు ఛార్జీ 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. లక్షలు అడిగాడంటే ఫోన్ పెట్టేయండి.

అపోహ: చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆసుపత్రికి ఇచ్చేయాలి.

వాస్తవం: చూపించాలి, అక్కడే వెనక్కి తీసుకోవాలి. జిరాక్సుల మీద సంతకం చేసి ఇస్తే చాలు. నాకు తెలిసిన ఒక అమ్మాయి ఒరిజినల్స్ ఆసుపత్రివాళ్లు తమ బీరువాలో పెట్టేసుకున్నారు. తీరా ప్రభుత్వ పోస్టుకు వెరిఫికేషన్ పిలుపు వస్తే, ఇన్నాళ్లు పనిచేస్తానని రాయించుకున్న బాండ్ డబ్బు కట్టి తీసుకెళ్లమన్నారు. ఇలాంటి బాండ్లు తప్పని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఎప్పుడో చెప్పింది. పాపం ఆ పిల్ల పుస్తెలు కుదువ పెట్టి తెచ్చుకుంది.