పట్టపగలు ఫ్లాష్ ఎందుకు?

విశాఖ ఆర్కే బీచ్‌లో సూర్యోదయం వేళ ఫొటో దిగేవాళ్లు సహజంగానే సముద్రం వైపు వీపు పెట్టి నిలబడతారు. ఆకాశం రంగులు బాగా పడేలా తీస్తే మనిషి నల్లగా వస్తాడు. ముఖం బాగా రావాలని చూస్తే ఆకాశం తెల్లగా పాలిపోతుంది. మన కళ్లు చూపు తిరిగిన చోటికల్లా సర్దుకుంటాయి కాబట్టి మనకు రెండూ కనిపిస్తాయి. కెమెరాకు ఆ వీలు లేదు, ఫ్రేము మొత్తానికీ ఒకటే ఎక్స్‌పోజర్ (లోపలికి తీసుకునే వెలుగు మోతాదు). ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు కావడం లేదా సగమవడం. ముఖానికీ ఆకాశానికీ నాలుగు స్టాపుల తేడా ఉందంటే వెలుగు 16 రెట్లు తేడా ఉన్నట్టు.

ముఖం మీద కాస్త వెలుగు మనమే వేసి ఆ తేడా తగ్గించడమే ఫిల్ ఫ్లాష్. ఫ్లాష్ అంటే చీకట్లో వాడేదనే అనుకుంటాం గానీ, నా దృష్టిలో ఎండలోనే దాని విలువ ఎక్కువ.

ఇందులో కీలకం వ్యవధి. ఫ్లాష్ మెరుపు సాధారణంగా సెకనులో వెయ్యో వంతు, లేదా అంతకన్నా తక్కువ సేపు ఉంటుంది. షట్టర్ 1/60 సెకను తెరిచినా, 1/200 సెకను తెరిచినా ఆ మెరుపంతా సెన్సర్‌కు చేరిపోతుంది. ఎండ మాత్రం షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ పడుతూనే ఉంటుంది. అంటే షట్టర్ స్పీడ్ మారిస్తే మారేది ఎండ వాటా మాత్రమే. అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం సైజు), ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) మారిస్తే రెండూ మారతాయి. అందుకే ముందు ఫ్లాష్ ఆపేసి ఆకాశానికి ఎక్స్‌పోజర్ కుదుర్చుకోవాలి, ఆ తర్వాతే ముఖానికి ఫ్లాష్ పవర్ చూసుకోవాలి.

షట్టర్‌ని ఎంతైనా పెంచడం కుదరదు. చాలా కెమెరాల్లో 1/200 లేదా 1/250 దాటితే సెన్సర్ మొత్తం ఒకేసారి తెరుచుకోదు, ఫొటోలో నల్లటి పట్టీ పడుతుంది. మధ్యాహ్నం ఎండలో ఐఎస్ఓ 100, 1/200 దగ్గర అపర్చర్ సుమారు ఎఫ్/11 పెట్టాల్సి వస్తుంది. గైడ్ నంబర్ (ఫ్లాష్ సత్తా చెప్పే అంకె, దాన్ని అపర్చర్ అంకెతో భాగిస్తే వెలుగు సరిపోయే దూరం వస్తుంది) 40 మీటర్లున్న ఫ్లాష్‌ని ఫుల్ పవర్‌లో పెట్టినా, 40ని 11తో భాగిస్తే వచ్చే 3.6 మీటర్ల దూరం వరకే అది ఎండకు సమానంగా నిలుస్తుంది.

అయినా సమానం కానక్కర్లేదు. ఒకటి రెండు స్టాపులు తక్కువ ఉంటేనే బాగుంటుంది. ముఖం వెనకున్న ఆకాశంకన్నా మెరిసిపోతే, స్టూడియోలో తీసిన బొమ్మను తెచ్చి అతికించినట్టుంటుంది. పెళ్లి ఆల్బమ్‌లలో ఇలాంటివి చూసినప్పుడు నిజంగా బాధేస్తుంది. రంగు కూడా చూసుకోవాలి. ఫ్లాష్ వెలుగు సుమారు 5500 కెల్విన్, అంటే మధ్యాహ్నపు ఎండ రంగు. ఉదయపు నారింజ వెలుగులో అది ముఖాన్ని పాలిపోయినట్టు చూపిస్తుంది. ఫ్లాష్ ముందు పలుచని నారింజ జెల్ (రంగు ప్లాస్టిక్ షీటు) పెడితే సరిపోతుంది.

కుటుంబమంతా రెండు వరసల్లో నిలబడితే ఇంకో చిక్కు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతవుతుంది. ముందు వరస 2 మీటర్లు, వెనక వరస 3 మీటర్ల దూరంలో ఉంటే వెనకవాళ్లకు సగం వెలుగు కూడా అందదు. మనం మూడు మీటర్లు వెనక్కి జరిగితే ఆ వాటా దాదాపు 70 శాతానికి పెరుగుతుంది. అంత దూరానికి పవర్ చాలకపోతే ఐఎస్ఓ ఒక స్టాపు పెంచి, షట్టర్ స్పీడ్ కూడా ఒక స్టాపు పెంచండి. ఆకాశం అలాగే ఉంటుంది, ముఖాలు వెలుగుతాయి. సూర్యోదయం వేళ షట్టర్‌కి ఆ వెసులుబాటు ఉంటుంది, మిట్టమధ్యాహ్నం ఉండదు.