వంటింటి డిజిటల్ త్రాసు: కొనేముందు వదిలించుకోవాల్సిన అపోహలు

వంట క్లాసులకు వచ్చేవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఏ కంపెనీ త్రాసు కొనాలని. నేను మాత్రం మీరు ఏం తూస్తారని తిరిగి అడుగుతాను. పిండి, పప్పు, కూరగాయలకైతే 5 కిలోల దాకా మోసి, 1 గ్రాము చొప్పున అంకె మారేది సరిపోతుంది.

అపోహ: 1 గ్రాము దాకా చూపిస్తోందంటే 1 గ్రాము కూడా తేడా రాదు.

అంకె కనిపించడం వేరు, అది నిజం కావడం వేరు. అదే త్రాసు మీద 2 కిలోలు పెడితే కొన్ని గ్రాములు అటూ ఇటూ రావచ్చు. పిండికి పర్వాలేదు. 3 గ్రాముల ఈస్టులో ఒక్క గ్రాము తేడా అంటే మూడో వంతు! బ్రెడ్డు తరచూ చేసేవాళ్లు 0.1 గ్రాము చూపే చిన్న త్రాసు విడిగా కొనుక్కోవడం మంచిది.

ఇంకో చిక్కు చాలామందికి తెలియదు. సున్నా నిలకడగా ఉండాలని, ఈ త్రాసులు అతి చిన్న మార్పుల్ని వాటంతట అవే సర్దేసుకుంటాయి. అందుకే ఉప్పు చిటికెడు చిటికెడు వేస్తుంటే అంకె కదలదు, మనం వేస్తూనే ఉంటాం. దానికి ఉపాయం ఉంది. ఉప్పు డబ్బానే త్రాసు మీద పెట్టి, టేర్ (అంకెను సున్నా చేసే బటన్) నొక్కి, స్పూనుతో తీయండి. మైనస్ గుర్తుతో కనిపించేదే మీరు తీసిన బరువు.

అపోహ: అమ్మమ్మలు గిద్దలతోనే ఆవకాయ పెట్టారు, త్రాసెందుకు?

వాళ్ల కొలత తప్పు కాదు. ఏటా అదే గిద్ద, అదే రాళ్ల ఉప్పు వాడేవారు. ఇప్పుడు రాళ్ల ఉప్పు బదులు ప్యాకెట్ సన్న ఉప్పు అదే గిద్దతో పోస్తే, గింజల మధ్య ఖాళీ తగ్గి ఉప్పు ఎక్కువ పడుతుంది. తూచి వేస్తే ఆ తేడా రాదు. మీ ఇంటి గిద్దతో ఏ ఉప్పు ఎన్ని గ్రాములు వస్తుందో ఒకసారి తూచి రాసిపెట్టుకోండి, పాత కొలతలన్నీ పనికొస్తాయి.

అపోహ: ఎంఎల్ బటన్ ఉంటే నూనె కూడా కొలవొచ్చు.

ఆ బటన్ సాధారణంగా నీళ్లకే సరిపోతుంది. లీటరు నూనె ప్యాకెట్లు చాలావాటి మీద 910 గ్రాములని ఉంటుంది, చూడండి.

అపోహ: టేర్ నొక్కితే గిన్నె బరువు లెక్కలోకి రాదు.

అంకెలో రాదు, మోత మాత్రం తప్పదు. 2 కిలోల గుండిగ పెట్టాక 5 కిలోల త్రాసు మీద ఇక 3 కిలోలే వేయాలి. అంతకు మించితే లోపల బరువును పసిగట్టే లోడ్ సెల్ పాడవచ్చు. దాని మీద డబ్బాలు పేర్చి దాచడమూ వద్దు. పొయ్యి మీంచి దింపిన గిన్నె నేరుగా అస్సలు పెట్టొద్దు.

ఇంటికి తెచ్చాక గట్టి, సమమైన గట్టు మీద పెట్టి, 10 రూపాయల నాణేలు పది వేసి చూడండి. ఒక్కోటి దాదాపు 7.7 గ్రాములు, కాబట్టి 77 దగ్గర చూపాలి. ఆ తర్వాత కిలో చక్కెర ప్యాకెట్‌ను మధ్యలో, నాలుగు మూలలా పెట్టండి. మూలమూలకీ అంకె బాగా మారితే వెనక్కి ఇచ్చేయండి. ఇక బ్యాటరీ విషయంలో నా ఓటు ట్రిపుల్ ఏ సెల్స్‌కే, బటన్ సెల్ అన్ని కిరాణా కొట్లలో దొరకదు.