చట్టం లెక్కలో మనమంతా విహారయాత్రికులం

రాత్రి తొమ్మిదిన్నరకు కూకట్‌పల్లిలో ఏదో ఒక మెట్రో పిల్లరు కింద బెంగళూరు బస్సు ఆగినప్పుడు, దిగివచ్చే క్లీనరు చేతిలో ఒక కాగితం ఉంటుంది. వరస సంఖ్య, పేరు, వయసు, సెల్ నంబరు, బెర్తు నంబరు, ఎక్కే చోటు అందులో అచ్చై ఉంటాయి. ఒకరు మియాపూర్‌లో, ఇద్దరు అమీర్‌పేటలో, నలుగురు లక్డీకాపూల్‌లో, చివరివాళ్లు ఆరాంఘర్ చౌరస్తాలో ఎక్కుతారు. ఎవరి టికెట్టు వారిది, ఎవరు చెల్లించిన ధర వారిది. పక్క బెర్తులో పడుకున్నవారికి మనకన్నా మూడు వందలు తక్కువ పడి ఉండవచ్చు. అయితే ఆ బస్సు పర్మిట్టు ప్రకారం మాత్రం వీరంతా ఒక్క జట్టుగా కూడి, బస్సు మొత్తాన్ని అద్దెకు మాట్లాడుకుని, ఒకచోట బయలుదేరి ఒకచోట దిగే పర్యాటకులు. హైదరాబాదు నుంచి బెంగళూరు, చెన్నై, విజయవాడ, విశాఖపట్నం, తిరుపతి వైపు రాత్రిపూట కదిలే ప్రైవేటు బస్సుల వ్యవస్థ అంతా చాలావరకు ఈ చిన్న కల్పన మీదే నడుస్తోంది. ప్రతి పెద్ద ప్రమాదం తర్వాతా రెండు వారాలు తనిఖీలు జరగడం, ఆ పైన అంతా యథాతథం కావడం ఎందుకో అర్థం కావాలంటే ఈ కల్పన ఎలా పుట్టిందో ముందు చూడాలి.

మోటారు వాహనాల చట్టం ప్రయాణికుల బస్సులను ప్రధానంగా రెండు రకాలుగా చూస్తుంది. మనిషి మనిషికీ విడివిడిగా చార్జీ తీసుకుని, దారిలో ఎక్కించుకుంటూ దించుకుంటూ పోయేది స్టేజి క్యారియర్. ముందే కుదిరిన ఒప్పందం మేరకు బండి మొత్తాన్ని అద్దెకిచ్చి, ఆ ఒప్పందంలో లేనివారిని దారిలో ఎక్కించుకోకుండా నడిచేది కాంట్రాక్ట్ క్యారియర్. మొదటిది ఆర్టీసీ బస్సు, రెండోది పెళ్లిబస్సు అనుకుంటే తేడా ఇట్టే తెలుస్తుంది. పర్యాటక బస్సు రెండో కోవలోకి వస్తుంది. ట్రావెల్స్ బస్సు చేసే పని మొదటిది, దాని దగ్గరున్న కాగితం రెండోది.

ఈ విభజన ఇక్కడ ఇంత పదునెక్కడానికి తెలుగునేల రెండు భాగాలుగా ఉన్న కాలపు చరిత్ర కొంత కారణం. హైదరాబాదు సంస్థానంలో బస్సు చాలా ముందే సర్కారుదైంది. 1932 జూన్‌లో నిజాం రైల్వే తన రోడ్డు రవాణా విభాగాన్ని 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో, 3.93 లక్షల రూపాయల పెట్టుబడితో మొదలుపెట్టింది. రైలు నడిపే సంస్థే బస్సునూ నడపడం వల్ల వేళాపట్టిక, టికెట్టు, డిపో, యూనిఫారం వంటి రైల్వే అలవాట్లన్నీ బస్సుకూ అబ్బాయి. గౌలిగూడ బస్టాండుగా చాలాకాలం పనిచేసిన ఆ పెద్ద ఇనుప రేకుల గుమ్మటం అమెరికా నుంచి తెప్పించిన విమానాల షెడ్డు. మిసిసిపీ అన్న పేరు జనం నోట నలిగి ‘మిసిల్’ అయిందంటారు. అది 2018 జులైలో కూలిపోయింది. ఆర్టీసీ బస్సుల నంబర్లలో కనిపించే ‘జెడ్’ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరుకు గుర్తు అనే మాట కూడా ప్రచారంలో ఉంది.

ఆంధ్ర ప్రాంతంలో దీనికి పూర్తిగా భిన్నమైన పరిస్థితి ఉండేది. మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న ఆ జిల్లాల్లో బస్సు వ్యాపారం ప్రైవేటు యజమానుల చేతిలో పెరిగింది. 1956లో రెండు ప్రాంతాలూ కలిశాక, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినప్పుడు, తెలంగాణలో ఉన్న ప్రభుత్వ బస్సును కృష్ణకు అవతలికి ఎలా తీసుకుపోవాలన్నదే దాని మొదటి పెద్ద ప్రశ్న. చట్టంలో అందుకు దారి ఉంది: సంస్థ ఒక పథకం ప్రకటించి, అభ్యంతరాలు విని, ప్రభుత్వ ఆమోదం పొందితే ఆ మార్గాల్లో ప్రైవేటు బస్సులను తప్పించి తానే నడపవచ్చు. జాతీయీకరణ అని అప్పట్లో పిలిచింది దీన్నే.

కృష్ణా జిల్లా బస్సు యజమానులు ఊరుకోలేదు. గుళ్లపల్లి నాగేశ్వరరావు పేరుతో న్యాయశాస్త్ర విద్యార్థులు ఇప్పటికీ చదువుకునే కేసు ఇక్కడిదే. అభ్యంతరాలు విన్నది రవాణా కార్యదర్శి, నిర్ణయం తీసుకున్నది ముఖ్యమంత్రి. ఒకరు విని ఇంకొకరు తీర్పు చెబితే ఆ వినడం ఉత్త తంతే అవుతుందని జస్టిస్ కోకా సుబ్బారావు రాసిన సుప్రీంకోర్టు తీర్పు 1958లో ఆ పథకాన్ని కొట్టేసింది. తర్వాత ముఖ్యమంత్రే స్వయంగా విన్నప్పుడు, ఆయనకు పక్షపాతం ఉందన్న యజమానుల వాదనను అదే కోర్టు తోసిపుచ్చింది.

కర్నూలు వ్యవహారం అంత తేలిగ్గా పోలేదు. మొదట వేరే జిల్లాలు తీసుకోవాలనుకున్న సంస్థ, 1962 ఎన్నికల తర్వాత ఉన్నట్టుండి కర్నూలు జిల్లా పడమటి భాగంలోని మార్గాలను ముందుకు తెచ్చింది. ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి తన రాజకీయ ప్రత్యర్థులైన బస్సు యజమానులను దెబ్బతీయడానికే ఇలా చేయించారని వారు కోర్టుకెక్కారు. ఇంత తీవ్రమైన ఆరోపణ తన మీద వచ్చినా దాన్ని కాదంటూ ముఖ్యమంత్రి ప్రమాణపత్రం దాఖలు చేయలేదు. 1964 ఆరంభంలో సుప్రీంకోర్టు ఆ మౌనాన్నే ఎత్తిచూపి, ఆరోపణకు జవాబు లేదు గనుక నమ్మక తప్పదన్న ధోరణిలో పథకాన్ని రద్దు చేసింది. ఫిబ్రవరిలో సంజీవరెడ్డి రాజీనామా చేశారు, కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. జిల్లాలోని కొన్ని బస్సు రూట్ల కోసం ఒక ముఖ్యమంత్రి పదవి పోవడం మన రాజకీయాల్లో బహుశా ఇదొక్కసారే. బస్సు రూటు అంటే ఆ రోజుల్లో ఎంత ఆస్తో, ఎంత పలుకుబడో దీన్నిబట్టే ఊహించవచ్చు.

ఇన్ని కేసులు గడిచినా జాతీయీకరణ ఆగలేదు, జిల్లా తర్వాత జిల్లాగా సాగింది. జిల్లా కేంద్రాలను, పెద్ద పట్టణాలను కలిపే ముఖ్య మార్గాలు ఆర్టీసీకే దఖలు పడ్డాయి. పథకం కిందకు వచ్చిన మార్గంలో ప్రైవేటు వ్యక్తికి స్టేజి పర్మిట్టు ఇవ్వడానికి వీలుండదు. తలుపు ఇలా మూసుకున్నాక, బస్సు నడపడం తెలిసినవారికి, పెట్టుబడి ఉన్నవారికి మిగిలిన కిటికీ కాంట్రాక్ట్ క్యారియర్ పర్మిట్టు. పెళ్లిళ్లకు, తిరుపతి, కాశీ యాత్రలకు బస్సులిచ్చే ట్రావెల్స్ ఆఫీసులు అలా పెరిగాయి. యాత్రికులు లేని రోజుల్లో బండిని ఖాళీగా ఉంచలేక హైదరాబాదుకో, మద్రాసుకో సీట్లు అమ్మడం మొదలైంది. 1980ల నాటి ‘వీడియో కోచ్’ గుర్తున్నవారికి ఈ వాతావరణం తెలుసు: ముందు అద్దం మీద రంగు బల్బులు, డ్రైవరు వెనక పెట్టెలాంటి టీవీ, రాత్రి రెండింటి దాకా ఎవరినీ నిద్రపోనివ్వని సినిమా.

1989 జులై నుంచి అమల్లోకి వచ్చిన 1988 నాటి మోటారు వాహనాల చట్టం పర్మిట్ల జారీని బాగా సరళం చేసింది. పర్యాటకాన్ని పెంచడానికి దేశమంతటా చెల్లే టూరిస్టు పర్మిట్టును అందులో ఉంచారు. దానితోపాటు వచ్చిన కేంద్ర నిబంధనలే మొదట చెప్పిన కాగితానికి మూలం. టూరిస్టు బస్సు ప్రతి ప్రయాణానికీ ఎక్కినవారి పేర్లు, వయసులు, చిరునామాలు, ఎక్కడినుంచి ఎక్కడికో రాసిన జాబితా మూడు ప్రతులు తయారు చేయాలని, ఒకటి బండిలో ఉండాలని ఆ నిబంధనలు చెప్పాయి. బస్సు తన సొంత రాష్ట్రంలో బయలుదేరాలి లేదా అక్కడ ముగించాలి అన్నది అప్పటి నియమం. రెండు నెలలకు మించి బయటి రాష్ట్రంలో ఉండిపోకూడదనీ అందులో ఉండేది. జట్టుగా వచ్చిన పర్యాటకులను గుర్తించడానికి పెట్టిన జాబితా అది. క్లీనరు చేతిలోని కాగితంలో ఆరు ఎక్కే చోట్లు, ముప్ఫయ్యారు వేర్వేరు ఫోన్ నంబర్లు ఉన్నాయంటే, చట్టాన్ని పాటిస్తున్నట్టు చూపడానికి పెట్టుకున్న పత్రమే అది పాటించడం లేదనడానికి సాక్ష్యం అవుతోందన్నమాట. తనిఖీ అధికారి ఆ కాగితాన్ని చూసి తలూపి వెనక్కివ్వడం నాకు ఎప్పుడూ కొంచెం వింతగానే కనిపిస్తుంది.

2001లో వోల్వో బస్సులు మన దేశపు రోడ్ల మీదికి రావడం, అదే కాలంలో హైదరాబాదు, బెంగళూరుల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు పెరగడం ఈ వ్యాపారాన్ని మరో స్థాయికి తీసుకెళ్లాయి. శుక్రవారం రాత్రి బయలుదేరి సోమవారం ఉదయం ఆఫీసుకు చేరుకునే కొత్త ప్రయాణికుడు తయారయ్యాడు. ఆర్టీసీ ‘గరుడ’ పేరుతో అవే బస్సులు తెచ్చింది గానీ, హైదరాబాదు పెద్ద బస్టాండైన ఎంజీబీఎస్‌కు రమ్మనడం తప్ప కాలనీ మలుపులో ఆగడం దానికి అలవాటు లేదు. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి టికెట్టు దొరకని ఫణీంద్ర సామ అనే యువ ఇంజనీరు, మరుసటి సంవత్సరం మిత్రులతో కలిసి రెడ్‌బస్ మొదలుపెట్టడం ఈ కథలో అసలైన మలుపని నా అభిప్రాయం. ఏ ఏజెంటు దగ్గర ఏ సీటు మిగిలిందో ఎవరికీ తెలియని వ్యాపారాన్ని అది తెర మీద పరిచింది. కానీ విడివిడి సీటు, విడివిడి ధర బహిరంగంగా అందరికీ కనిపించేలా అమ్ముడవుతుంటే, బస్సు మొత్తాన్ని ఒక జట్టు అద్దెకు తీసుకుందన్న కల్పనకు ఇక ముసుగు కూడా మిగల్లేదు. ధరకు పరిమితి ఎలాగూ లేదు: స్టేజి క్యారియర్ చార్జీని ప్రభుత్వం నిర్ణయిస్తుంది, ‘ఒప్పందపు’ బస్సు చార్జీ మాత్రం సంక్రాంతి ముందు రెండు మూడింతలవుతుంది.

2014లో రాష్ట్రం విడిపోవడంతో కొత్త చిక్కు వచ్చింది. అంతవరకు హైదరాబాదు–విజయవాడ ఒకే రాష్ట్రంలోని రూటు; ఆ తర్వాత అది అంతర్రాష్ట్ర మార్గమైంది. పొరుగు రాష్ట్రంలోకి ఆర్టీసీ బస్సు వెళ్లాలంటే రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం కావాలి. 2015 ఏప్రిల్ నుంచి ఆంధ్రప్రదేశ్ బస్సుల మీద తెలంగాణ పన్ను వేయడం, ఆపైన సంస్థ రెండుగా చీలడం జరిగాయి గానీ ఒప్పందం మాత్రం కుదరలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో ఆగిన ఆర్టీసీ బస్సులు, ఆంక్షలు సడలాక కూడా ఎవరు ఎన్ని కిలోమీటర్లు తిప్పాలన్న పేచీతో కదల్లేదు. దసరా కూడా వెళ్లిపోయింది. ప్రైవేటు బస్సులకు అలాంటి ఒప్పందం అక్కర్లేదు, అవి ‘పర్యాటకుల’ బస్సులు కదా, నిండుగా తిరిగాయి. చివరకు ఆ ఏడాది నవంబరు 2న సంతకాలయ్యాయి: తెలంగాణలో 638 బస్సులతో 1,60,999 కిలోమీటర్లు తిప్పేలా ఆంధ్రప్రదేశ్, ఆంధ్రప్రదేశ్‌లో 826 బస్సులతో 1,61,258 కిలోమీటర్లు తిప్పేలా తెలంగాణ ఒప్పుకున్నాయి. అంతకుముందు ఆంధ్రప్రదేశ్ సంస్థ తిప్పింది రెండున్నర లక్షల పైచిలుకు కిలోమీటర్లు. ఆ తగ్గిన కిలోమీటర్ల ప్రయాణికులు ఎటు మళ్లారో వేరే చెప్పనక్కర్లేదు.

ఇదంతా పర్మిట్టు గొడవ, ప్రయాణికుడికేమి అనుకునేవారు బస్సుల నంబర్లు ఒకసారి గమనించాలి. అరుణాచల్ ప్రదేశ్, నాగాలాండ్, డామన్ వంటి చోట్ల పన్ను తక్కువ, తనిఖీ తక్కువ కావడంతో తెలుగువారి బస్సులు ఎన్నో అక్కడ రిజిస్టరై, ఆ ఊళ్ల మొహం ఎన్నడూ చూడకుండానే తిరుగుతుంటాయి. 2017లో అరుణాచల్ ప్రదేశ్ ఇలాంటి వందల బస్సుల పర్మిట్లు రద్దు చేసినప్పుడు మన యజమానులు కంగారుపడటం చాలామందికి గుర్తుండే ఉంటుంది. బస్సు సామర్థ్యాన్ని చూసి ధ్రువపత్రం ఇచ్చేది ఒక రాష్ట్రం, అది రోజూ తిరిగేది మరో మూడు రాష్ట్రాల్లో. స్టేజి పర్మిట్టుకు వేళాపట్టిక ఉంటుంది, ఆగే చోట్లు ఉంటాయి, డిపోలో మెకానిక్ ఉంటాడు. టూరిస్టు బస్సుకు ఇవేవీ అవసరమని పర్మిట్టు అడగదు. రోజుకు ఎనిమిది గంటల పని అన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం, 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ దాని స్థానంలోకి వచ్చేదాకా, రెండు రకాల డ్రైవర్లకూ వర్తించింది, కానీ పగలంతా ఏ పార్కింగులో ఎంతసేపు పడుకున్నాడో తెలియని డ్రైవరు విషయంలో దాన్ని లెక్కించిందెవరు?

2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాదు వస్తున్న వోల్వో బస్సు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని పాలెం దగ్గర కల్వర్టును ఢీకొని అంటుకుని 45 మంది సజీవ దహనమయ్యారు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున, అదే 44వ నంబరు జాతీయ రహదారి మీద, కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్తున్న స్లీపర్ బస్సు ఒక మోటారు సైకిలు మీదుగా పోయి మంటల్లో చిక్కుకుంది. 19 మంది ప్రయాణికులు చనిపోయారు. ఆ బస్సు నంబరు డామన్ డయ్యూది. లగేజీ అరలో సెల్‌ఫోన్ల పార్శిల్ ఉన్నట్టు కూడా దర్యాప్తులో బయటపడింది. పాలెం తర్వాత జరిగినట్టే రెండు రాష్ట్రాల రవాణా అధికారులు రాత్రుళ్లు రోడ్ల మీద నిలబడి కేసులు రాశారు, బస్సులు పట్టుకున్నారు. స్టేజి పర్మిట్లు ఇస్తే పన్ను కట్టి నిబంధనల ప్రకారమే నడుపుతామని యజమానులు, ఇస్తే లాభం వచ్చే రూట్లు పోయి ఆర్టీసీకి పల్లెలే మిగులుతాయని కార్మిక సంఘాలు ఎప్పటి మాటే చెప్పుకొస్తున్నాయి. సంఘాల భయంలో నిజం ఉంది; అయితే ఆ రూట్లు ఇప్పటికే సగం చేజారిపోయాయన్నది కూడా నిజమే.

ప్రభుత్వ బస్సు, ప్రైవేటు బస్సు అన్న పాత గీత కూడా ఇప్పుడు ఆర్టీసీ లోపలే చెరిగిపోయింది. అద్దె బస్సులు చాలా ఏళ్లుగా ఉన్నవే. 2023 మేలో హైదరాబాదు–విజయవాడ మధ్య మొదలైన ఎలక్ట్రిక్ ‘ఈ-గరుడ’ బస్సు కూడా ప్రైవేటు కంపెనీదే, డ్రైవరూ ఆ కంపెనీవాడే; పర్మిట్టు, వేళ, చార్జీ మాత్రం ఆర్టీసీవి. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేటులో ఆ బస్సు వెనకే ఒక ట్రావెల్స్ బస్సు వచ్చి ఆగుతుంది. రెండింటి యజమానులూ ప్రైవేటువారే, రెండింటిలోనూ జనం విజయవాడకే వెళ్తుంటారు. ముందు బస్సులో ఉన్నవారు ప్రయాణికులు, వెనక బస్సులో ఉన్నవారు పర్యాటకులు.