పథ్యం నోటికా, చేతికా?

చర్మం దురదపెట్టి, ఎర్రబడి, పొట్టు రేగే ఎగ్జిమా చేతులకు వచ్చిన మనిషి డాక్టర్ ఎదుట కూర్చోగానే అడిగే మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: ‘పథ్యం ఏం చేయాలండీ?’ రెండోది, ‘ఇంట్లో ఏం రాసుకోవచ్చు?’ రెండో ప్రశ్నకు మంచి జవాబే ఉంది, కాకపోతే కాస్త చప్పగా ఉంటుంది. మొదటి ప్రశ్నకున్న జవాబు మాత్రం చాలామందికి రుచించదు. చేతి ఎగ్జిమా నోటి దారిన వచ్చేది తక్కువ, చేతి దారిన వచ్చేదే ఎక్కువ. ఏం తిన్నామా అని నిన్నటి కంచంలో వెతికేవాళ్లు, ఏం ముట్టుకున్నామా అని ఇవాళ్టి సింకులో వెతకరు.

ఉంగరం దగ్గర మొదలుపెడదాం. ఉంగరం తీయకుండా గిన్నెలు కడిగే చేతిని ఒకసారి దగ్గరగా చూడండి. చేయి తుడుచుకున్నా ఉంగరం అడుగున తడి ఆరదు. సబ్బు నురగ అక్కడే చిక్కుకుని ఎండుతుంది, మళ్లీ తడుస్తుంది, మళ్లీ ఎండుతుంది. ఉంగరాన్ని కాస్త పైకి జరిపితే కింద చర్మం నాని, పాలిపోయి, ముడతలు పడి ఉంటుంది. కొన్ని వారాలకు అక్కడ చిన్న ఎర్రటి మచ్చ, రాత్రిళ్లు దురద, గీరితే పొట్టు. అక్కడినుంచి వేళ్ల సందుల్లోకి, ఆ సందుల్లోంచి చేతి వెనక వైపుకి. ‘ఈ లోహం నాకు పడలేదు’ అనుకుని ఉంగరం మార్చేస్తారు. లోహం పడకపోవడమూ ఉంది, దాని సంగతి తర్వాత చూద్దాం. కానీ చాలాసార్లు తప్పు ఉంగరానిది కాదు, అది దాచిపెట్టిన సబ్బుది.

చర్మం పై పొరను ఇటుక గోడతో పోల్చి చూపింది అమెరికా చర్మవైద్యుడు పీటర్ ఎలియాస్, 1983లో. చచ్చి చదునైన కణాలు ఇటుకలు. వాటి మధ్య సెరమైడ్లు, కొలెస్టరాల్, ఫ్యాటీ యాసిడ్లు కలిసిన కొవ్వు సున్నం. ఒంట్లోని నీరు బయటికి ఇంకిపోకుండా, బయటి రసాయనం లోపలికి దిగకుండా అడ్డుపడేది ముఖ్యంగా ఈ సున్నమే. సబ్బు పని జిడ్డును లాగేయడం. గిన్నె జిడ్డు ఏదో, గోడ సున్నం ఏదో దానికేం తెలుస్తుంది? వేడినీళ్లు తోడైతే సున్నం ఇంకా తేలిగ్గా వదిలిపోతుంది. పైగా చర్మం ఉపరితలం కాస్త ఆమ్లంగా, పీహెచ్ 5 చుట్టుపక్కల ఉంటుంది. మామూలు సబ్బు బిళ్లది 9 నుంచి 10, అంటే క్షారం. సున్నాన్ని మళ్లీ తయారుచేసే ఎంజైములకు ఆ ఆమ్ల వాతావరణమే కావాలి. ఇక అరచేతికి ఇంకో లోటు ఉంది, అక్కడ నూనె గ్రంథులే లేవు. చెమట గ్రంథులు మాత్రం కిక్కిరిసి ఉంటాయి.

కొందరికి గోడ పుట్టుకతోనే పలచన. 2006లో స్కాట్లాండ్‌లోని డండీలో ఇర్విన్ మెక్లీన్ బృందం ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ జన్యువులో లోపాలున్నవాళ్లకు ఎగ్జిమా వచ్చే అవకాశం ఎక్కువని చూపింది. చర్మంలో తేమను పట్టి ఉంచే పదార్థాలు ఆ ప్రొటీన్ విడిపోతేనే తయారవుతాయి. చిన్నప్పుడు ఎగ్జిమా ఉండి, ‘పెద్దయ్యాక పోయింది’ అని మరిచిపోయినవాళ్లు నర్సుగానో, వంటపనిలోనో, జుట్టు కత్తిరించే పనిలోనో చేరగానే అది చేతుల్లో తిరిగొస్తుంది. ఇంట్లో పసిబిడ్డ పుట్టినా అంతే, రోజుకు చేతులు ఎన్నిసార్లు తడుస్తాయో లెక్కే ఉండదు. రోజుకు 2 గంటలకు మించి చేతులు తడిలో ఉన్నా, 20 సార్లకు మించి కడుగుతున్నా దాన్ని ‘తడి పని’గా లెక్కగడతారు వృత్తి వ్యాధుల నిపుణులు. గాలి ఆడని తొడుగుల్లో 2 గంటలకు పైగా చెమటపట్టడమూ అందులోకే వస్తుంది. ఏ ఏడాది చూసినా నూటికి దాదాపు 9 మందికి చేతి ఎగ్జిమా ఉంటుంది. అది 3 నెలలు దాటినా, ఏడాదిలో రెండు మూడుసార్లు తిరగబెట్టినా దీర్ఘకాలికం అంటారు.

ఇక ఇంటి వైద్యం. నా ఓటు అన్నిటికంటే నీరసమైన పెట్రోలియం జెల్లీకే. 1859లో రాబర్ట్ చీజ్‌బ్రో అనే కుర్ర రసాయన శాస్త్రవేత్త పెన్సిల్వేనియా చమురు బావుల దగ్గరకు వెళ్లాడు. అక్కడ పంపు కడ్డీలకు పట్టే జిగురును పనివాళ్లు విసుక్కుంటూ గీకి పారేస్తున్నారు, అదే జిగురును తెగిన వేళ్లకు, కాలిన చేతులకు రాసుకుంటున్నారు. ఆయన దాన్ని శుద్ధిచేసి 1872లో పేటెంట్ తీసుకున్నాడు. అదే వాజలీన్. అది చర్మం మీద మూతలా కూర్చుంటుందని చాలాకాలం అనుకున్నారు. 1992లో ఎలియాస్ బృందమే చూపిన సంగతేమిటంటే, అది ఇటుకల మధ్యకు కూడా దిగి, కొట్టుకుపోయిన సున్నం స్థానంలో తాత్కాలికంగా నిలుస్తుంది, కిందనేమో మరమ్మతు సాగుతూనే ఉంటుంది. ఇందులో నీళ్లుండవు కాబట్టి నిల్వ రసాయనం అక్కర్లేదు, సువాసన లేని రకం కొంటే అలర్జీ రావడం చాలా అరుదు. ఘుమఘుమలాడే క్రీములకు ఈ భరోసా లేదు. మిథైల్‌ఐసోథయజోలినోన్ అనే నిల్వ రసాయనం ఎంతమంది చర్మాన్ని చెడగొట్టిందంటే, రాసుకుని వదిలేసే క్రీముల్లో దాన్ని 2017లో ఐరోపా సమాఖ్య నిషేధించాల్సి వచ్చింది. చేతులు బాగుపడాలని రాసుకున్న క్రీమే చేతుల్ని పాడుచేసిందన్నమాట.

నూనెలన్నీ ఒకటి కావు. 2013లో షెఫీల్డ్ పరిశోధకులు 19 మంది ముంజేతులకు కొన్ని వారాలపాటు ఆలివ్ నూనె రాయించి చూస్తే చర్మపు గోడ బలహీనపడింది, కాస్త ఎర్రబడింది కూడా. పొద్దుతిరుగుడు నూనె ఆ హాని చేయలేదు. ఆలివ్‌లో దండిగా ఉండే ఓలియిక్ ఆమ్లం సున్నం వరసను చెదరగొడుతుంది. కొబ్బరినూనె సంగతి మెరుగు. ఎగ్జిమా ఉన్న 117 మంది పిల్లలపై 8 వారాలు జరిపిన ప్రయోగంలో అది ముడిచమురు నుంచి తీసే మినరల్ ఆయిల్ కంటే బాగా పనిచేసింది. అయితే వాళ్లది ఒంటి మీది ఎగ్జిమా, రోజంతా సబ్బులో నానే చేతులది కాదు. నిమ్మరసం, వెల్లుల్లి ముద్ద, వెనిగర్ మాత్రం వద్దే వద్దు. పచ్చి వెల్లుల్లి కట్టుకట్టి చర్మం కాల్చుకున్న కేసులు వైద్య పత్రికల్లో చాలానే ఉన్నాయి. నిమ్మజాతి రసం అంటిన చేతిని ఎండలో పెడితే బొబ్బలెక్కవచ్చు. ‘చెట్టు నుంచి వచ్చింది, ఏం చేస్తుందిలే’ అనే మాట నాకు ఎప్పుడూ అర్థం కాదు. దురదగుంటాకూ చెట్టు నుంచి వచ్చిందే కదా!

జెల్లీ పనిచేయలేదనే వాళ్లను ఎంత రాశారో అడిగితే సంగతి బయటపడుతుంది. చేతులు కడిగి, రుద్దకుండా అద్ది, చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే రాయాలి. వేళ్ల సందుల్లో, గోళ్ల చుట్టూ మరిచిపోకూడదు. రాత్రి దట్టంగా పట్టించి పైన పలచని నూలు తొడుగులు వేసుకుని పడుకుంటే పొద్దుటికి తేడా తెలుస్తుంది. పగలు తడి పనికి రబ్బరు తొడుగులు మంచివే, లోపల నూలువి వేసుకుని, చెమట పట్టకముందే తీసేస్తేనే. మురికి కనిపించనప్పుడు సబ్బుకు బదులు గ్లిజరిన్ కలిసిన శానిటైజర్ వాడటం నయం. పగిలిన చేతికి అది చురుక్కుమంటుంది, అందుకే జనం దాన్ని తిట్టుకుంటారు. నిజానికి అది సబ్బులా కొవ్వును కడిగి నీళ్లలో కలిపేయదు. మంటకూ నష్టానికీ ఇక్కడ లంకె లేదు.

ఇప్పుడు తిండి. ఆహారానికీ చర్మానికీ సంబంధం లేదని ఎవరూ అనరు. 1929లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జార్జ్, మిల్డ్రెడ్ బర్ దంపతులు ఎలుకలకు ఏమాత్రం కొవ్వు లేని తిండి పెట్టారు. ఎలుకల తోకలు పొలుసులు కట్టాయి, ఎదుగుదల ఆగిపోయింది. కొన్ని చుక్కల కొవ్వు పెడితే కోలుకున్నాయి. ఆ కొవ్వులోని ముఖ్యమైన సరుకు లినోలిక్ ఆమ్లమని వెంటనే తేల్చారు. చర్మపు సున్నంలో అదొక భాగమని మనకు ఇప్పుడు తెలుసు. మరి మనిషి సంగతేమిటి? అదే ప్రయోగశాలలోని విలియం బ్రౌన్ అనే శాస్త్రవేత్త తానే ఎలుక అయ్యాడు. 6 నెలలు దాదాపు కొవ్వు లేని తిండి తిన్నాడు. రక్తంలో లినోలిక్ ఆమ్లం తగ్గింది. చర్మం మాత్రం చెక్కుచెదరలేదు! పైగా చిన్నప్పటి నుంచి వేధిస్తున్న మైగ్రేన్ ఆగిందని 1938లో అచ్చయిన పత్రంలో ఉంది. పెద్దవాళ్ల ఒంటి కొవ్వులో ఆ ఆమ్లం నెలలకు సరిపడా నిల్వ ఉంటుంది మరి.

అయినా ఎలుక తోక కథ బలంగా నాటుకుపోయింది. ఎగ్జిమాకు, లినోలిక్ ఆమ్లం దండిగా ఉండే ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ గింజల నూనె గొట్టం మాత్రలు దశాబ్దాలపాటు అమ్ముడుపోయాయి, బ్రిటన్‌లో వైద్యులు మందుచీటీ మీద రాసేవారు కూడా. పనిచేస్తుందనడానికి చాలినంత రుజువు లేదని 2002లో అక్కడ లైసెన్స్ రద్దుచేశారు. 2013లో, వైద్య రుజువులను తూచి చూసే కొక్రేన్ సంస్థ సమీక్ష 27 ప్రయోగాలను కలిపి చూసి అదే తేల్చింది. ఈ కథలో నాకు నచ్చే మలుపు 1974 నాటిది. పేగులు కొవ్వును పీల్చుకోలేక చర్మం పొలుసులు కట్టిన ముగ్గురు రోగులకు లండన్ వైద్యులు పొద్దుతిరుగుడు నూనెను చర్మానికి రాశారు. పొలుసులు తగ్గాయి. లోటు తిండిదే అయినా, తీరింది పైపూతతో.

తిండికి నిజంగా పాత్ర ఉన్నది ఒకటి రెండు చోట్ల. మొదటిది నికెల్ అనే లోహం. చవక ఆభరణాలు, జిప్పులు, తాళంచెవులు, కొన్ని పనిముట్ల ద్వారా చర్మానికి నికెల్ అలర్జీ అలవడినవాళ్లలో కొందరికి, తిండిలోని నికెల్ కూడా అరచేతుల్లో నీటిపొక్కులు లేపుతుంది. 1975లో స్వీడన్‌లో క్రిస్టెన్‌సెన్, మోలర్ ఇలాంటి 12 మందికి 5.6 మిల్లీగ్రాముల నికెల్ మింగిస్తే 9 మందికి చేతులు భగ్గుమన్నాయి. కానీ మామూలు తిండితో రోజుకు ఒంట్లోకి వెళ్లేది ఒక మిల్లీగ్రాములో మూడో వంతుకు అటూ ఇటూ. కాబట్టి నికెల్ ఎక్కువగా ఉండే కోకో, జీడిపప్పు లాంటి గింజలు, ఓట్స్, సోయా, పప్పుధాన్యాలు తగ్గించడం వల్ల మేలు జరిగేది ప్యాచ్ పరీక్షలో (పదార్థాలను వీపు మీద అంటించి చూసేది) నికెల్ అలర్జీ తేలి, నికెల్ ముట్టుకోవడం మానేసినా పొక్కులు తగ్గనివాళ్లలో కొందరికే. అదీ ఒకటి రెండు నెలలు చూసి, తేడా లేకపోతే మళ్లీ తినేయవచ్చు. వస్తువులో నికెల్ ఉందో లేదో చూడటానికి తేలిక పరీక్ష ఉంది. డైమిథైల్‌గ్లయాక్సిమ్ ద్రావణం అద్దిన దూదిపుల్లతో వస్తువును అరనిమిషం రుద్దితే చాలు. దూది గులాబీ రంగుకు తిరిగితే అది నికెల్ వదులుతున్నట్టే.

రెండోది ఇంకా తమాషా అయినది. 1976లో డెన్మార్క్‌లో నీల్స్ యోర్త్, యుట్టె రోడ్-పీటర్సన్ వంటపనివాళ్ల చేతులను పరీక్షించారు. పచ్చి చేపలు, మాంసం, కొన్ని కూరగాయలు ముట్టుకున్న నిమిషాల్లోనే చేతులకు దురద, ఎరుపు వస్తున్నాయి. అప్పటికే చితికి ఉన్న చర్మం గుండా ఆ ప్రొటీన్లు లోపలికి దిగుతున్నాయి. వాళ్లలో చాలామంది అవే పదార్థాలను వండుకుని హాయిగా తినగలరు. పడనిది తిండే, కానీ పడనిది చేతికి.

పాలు, గుడ్లు, గోధుమ అన్నీ ఒకేసారి మానేయడాన్ని మాత్రం నేను సమర్థించను. చేతుల సంగతి అలా ఉంచి, ఒంటికి బలం తగ్గుతుంది. సిగరెట్ మానడం అంతకంటే మేలు, చేతి ఎగ్జిమా పొగతాగేవాళ్లలో ఎక్కువగా, మొండిగా కనిపిస్తుంది.

భాష తెచ్చిపెట్టే చిక్కు కూడా ఒకటుంది. మనం ఎగ్జిమానూ తామరే అంటాం, ఫంగస్ వల్ల వచ్చేదాన్నీ తామరే అంటాం. రెండిటి మందులు వేరు. ఫంగస్ మీద స్టెరాయిడ్ పూత రాస్తే మొదట దురద తగ్గి, లోలోపల ఫంగస్ పాకుతుంది. ఒక్క చేతికే వచ్చి, రెండు పాదాలకూ పొట్టు రేగుతుంటే ఫంగస్‌నే ముందు అనుమానించాలి. చీము, పసుపు పెచ్చులు, జ్వరం ఉంటే ఇంటి వైద్యం ఆపేయాలి. ఎగ్జిమా అని తేలితే డాక్టర్ రాసిన స్టెరాయిడ్‌ను భయపడి బఠాణీ గింజంత పెట్టుకుంటే లాభం లేదు. చూపుడువేలి చివరి కణుపు పొడవునా పిండిన మందు ఒక చేతికి, ముందూ వెనకా కలిపి, సరిపోతుంది. ఎగ్జిమా దానికి లొంగకపోతే డెల్గోసిటినిబ్ అనే పూతమందు ఉంది, చేతి ఎగ్జిమా కోసమే 2024లో ఐరోపాలో, 2025లో అమెరికాలో అనుమతి పొందింది.

మూడు నెలలైనా తగ్గకపోతే ప్యాచ్ పరీక్ష అడగండి. 1895లో జర్మన్ చర్మవైద్యుడు యోసెఫ్ యాడసోన్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. అనుమానమున్న పదార్థాలను వీపు మీద అంటించి 48 గంటలు ఉంచుతారు, తీశాక ఒకసారి, మరో రెండు రోజులకు ఇంకోసారి చూస్తారు. ఆ రోజుల్లో వీపు తడవకూడదు. వెళ్లేటప్పుడు ఇంట్లో వాడే క్రీములన్నీ, పనిలో వేసుకునే తొడుగు ముక్క ఒకటి, సబ్బు సీసా మీది పదార్థాల పట్టిక ఫొటో తీసుకెళ్లండి. ఆసుపత్రి దగ్గరుండే పరీక్ష పదార్థాల మామూలు వరసలో మీ ఇంటి సీసాలోని రసాయనం లేకపోవచ్చు.